తీగకు గుచ్చిన విమానం ఉత్తరం

నా మీద అంటించిన స్టాంపు అర్ధణాది. ఆకుపచ్చ రంగు, ఏడో ఎడ్వర్డు రాజు బొమ్మ. నాకు అంటించేనాటికి ఆ రాజు పోయి తొమ్మిది నెలలైంది, కొత్త రాజు స్టాంపులు ఇంకా రాలేదు. లెక్కలేనన్ని అచ్చేశారు కాబట్టి అలాంటి స్టాంపు పాత స్టాంపుల కొట్లో ఇప్పటికీ చాలా చవగ్గా దొరుకుతుంది. నా విలువ అందులో లేదు. సగం స్టాంపు మీదా సగం నా ఒంటి మీదా పడిన గుండ్రటి ముద్రలో ఉంది. ముదురు గులాబీ సిరా. నడుమ కొండల మీదుగా ఎగిరే విమానం, ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలు. చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లో ఫస్ట్ ఏరియల్ పోస్ట్, యు.పి. ఎగ్జిబిషన్, అలహాబాద్, 1911.

ప్రపంచంలో తపాలా శాఖ అనుమతితో, అధికారికంగా విమానమెక్కిన మొదటి ఉత్తరాల్లో నేనొకదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

నన్ను రాసినాయన గోదావరి జిల్లా నుంచి కాశీయాత్రకు బయల్దేరిన గృహస్థు. ప్రయాగలో త్రివేణీ సంగమ స్నానం ముగించి, ఊళ్ళో పెద్ద ప్రదర్శన జరుగుతోందంటే చూడబోయాడు. వ్యవసాయ పనిముట్లు, పరిశ్రమల యంత్రాలు ఎన్నో పెట్టారు గానీ జనమంతా విమానాల చుట్టూనే. వాల్టర్ విండమ్ అనే ఇంగ్లీషు దొర వాటిని విడిభాగాలుగా ఓడలో తెప్పించి అక్కడే బిగించాడు. అలహాబాదులోని హోలీ ట్రినిటీ చర్చి పాదిరీ తమ విద్యార్థుల హాస్టలుకు డబ్బు కావాలని ఆయన్ని అడిగితే, విమానంలో ఉత్తరాలు పంపుదాం, ఆ రుసుము హాస్టలుకు ఇద్దాం అన్నాడట. తపాలా శాఖ ఒప్పుకుంది. ముద్ర అచ్చు అలీగఢ్‌లోని తపాలా కార్ఖానాలో తయారైంది.

మామూలు తపాలా ఖర్చు కాక ఉత్తరానికి ఆరణాలు అదనం. ఆరణాలంటే పన్నెండు అర్ధణా స్టాంపులు, అంటే ఇంటికి పన్నెండు ఉత్తరాలు. యాత్రికుడి మూటలో ఆ డబ్బు తేలిగ్గా తీసేది కాదు. ఆయన కాసేపు నిలబడి ఆలోచించాడు. తరవాత ఒకటి కాదు, రెండు కవర్లు తీసుకున్నాడు. నన్ను కాకినాడలో ఉన్న తండ్రికి, నా తోడుదాన్ని రాజమండ్రిలో ఉన్న బావగారికి రాశాడు. లోపలి కాగితంలో విశేషమేమీ లేదు. గంగ చెంబులు రెండు తెస్తున్నాను, అమ్మకు దగ్గు తగ్గిందా, మినుములు నేనొచ్చేదాకా అమ్మకండి. అంతే. ఆకాశం ఎక్కిన మొదటి ఉత్తరాల్లో ఒకటి మినుముల బేరం గురించి! ఇన్నేళ్ళలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

1911 ఫిబ్రవరి 18, సాయంత్రం ఐదున్నర. సుమారు ఆరున్నర వేల ఉత్తరాలం ఒకే మూటలో ఉన్నాం. విమానం పేరు హంబర్-సోమర్. కర్రలు, గుడ్డ, తీగలు, ఒక ఇంజను. నడిపేవాడు కూర్చోడానికి గది లేదు, ముందు అంచున గాలికి ఎదురుగా కూర్చోవాలి. ఆ కూర్చున్నవాడు హెన్రీ పెకే, ఫ్రాన్సు దేశస్థుడు, వయసు ఇరవైమూడు. నేల మీద పరిగెత్తేటప్పుడు మూటలో మేమంతా ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. ఉన్నట్టుండి ఆ కుదుపు ఆగిపోయింది. కింద యమున దాటాం. పదమూడు నిమిషాల్లో ఆవలి ఒడ్డున నైనీ దగ్గర దిగాం. దూరం ఆరు మైళ్ళు. తపాలా మనిషి మూట అందుకున్నాడు, పెకే వెనక్కి ఎగిరిపోయాడు.

ఆరు మైళ్ళేనా అని తీసిపారేసినవాళ్ళున్నారు. ఇంగ్లండులో లండన్ దగ్గరి హెండన్ నుంచి విండ్సర్‌కు విమానం టపా మొదలైంది అదే ఏడు సెప్టెంబరులో, అదీ ఈ విండమ్ దొర పూనికతోనే. అమెరికాలో మొదటి అధికారిక విమానం టపా కూడా ఆ సెప్టెంబరులోనే. మేం వాళ్ళందరికంటే ఏడు నెలల ముందు యమున దాటాం.

నైనీ నుంచి రైలు. సామర్లకోటలో బండి మారి కాకినాడ చేరాను. అక్కడ నా వీపు మీద ఇంకో ముద్ర పడింది, చేరిన ఊరు, తేదీ. అప్పట్లో దాన్ని ఎవరూ చూడలేదు. దాని అవసరం చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఆ వారమంతా నాకు పండగే. అరుగు మీద పెద్దాయన నన్ను మోకాలి మీద పెట్టుకు కూర్చుంటే వీధివీధంతా వచ్చి చూసింది. విమానంలో వచ్చిందట, అని ముట్టుకునేవారు. ఒక పెద్ద ముత్తయిదువ నన్ను కళ్ళకద్దుకుంది. వారం దాటాక పెద్దాయన నన్ను తీసుకెళ్ళి ఉత్తరాల తీగకు గుచ్చేశాడు.

ఉత్తరాల తీగ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. పైన కొక్కెం, కింద చెక్క బిళ్ళ, నడుమ సూదిలాంటి ఇనప ఊచ. ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరాన్నీ దానికి గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. పొట్టలోంచి ఊచ దిగినప్పుడు కలిగిన బాధ సరే, అంతకంటే బాధ నా పక్కన ఎవరొచ్చారన్నది. శిస్తు రసీదు. శుభలేఖ. బియ్యం వర్తకుడి బాకీ చీటీ. నేను ఆకాశం నుంచి వచ్చానన్నది వాళ్ళకేం పట్టింది? ఏటేటా వానాకాలం చెమ్మకు ఊచ తుప్పు పట్టి, నా రంధ్రం చుట్టూ ఇటికరంగు మరక పాకింది. పెద్దాయన పోయాడు. నన్ను రాసినాయన తీగ నిండిందని కొత్తది కొని, మమ్మల్ని తీగతో సహా అటక ఎక్కించాడు. ఆయన కూడా పోయాడు. అటక మీద చీకటి, ఎలకల చప్పుడు, మా కింద పాత ఇత్తడి గంగాళం. ఎన్నేళ్ళో చెప్పలేను.

తరవాత ఒక వేసవి సెలవుల్లో ఆ ఇంటి కుర్రాడికి స్టాంపుల పిచ్చి పట్టింది. అటక ఎక్కి తీగ దింపాడు. కత్తెర తీసుకున్నాడు. కవర్ల మూలలు కత్తిరించి, ముక్కల్ని గిన్నెడు నీళ్ళలో నానేసి, స్టాంపులు ఊడదీసి, మిగతావన్నీ పెరట్లో పారేశాడు. రంగూన్ నుంచి వచ్చినది పోయింది, సింగపూర్‌ది పోయింది. నా వంతు వచ్చింది. స్టాంపు చూసి, ఇది నా దగ్గర నాలుగున్నాయి, అని పక్కన పడేశాడు. అదొక్కటే నన్ను కాపాడింది. స్టాంపు అంత మామూలుది కాబట్టే నేను మిగిలాను.

నా తోడుదానికి ఆ అదృష్టం లేకపోయింది. రాజమండ్రి ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడే ఉన్నాడు, అతని ఆల్బంలో అర్ధణా స్టాంపు చోటు ఖాళీగా ఉంది. సెలవుల్లో ఇద్దరూ ఆల్బంలు తెచ్చి చూపించుకున్నప్పుడు నాకు తెలిసింది. స్టాంపు నీళ్ళలో నానింది, దాని మీది గులాబీ సిరా కారిపోయి లేత మరకగా మిగిలింది. ముద్రలో రెండో సగం ఉన్న కవరు ఏ పొయ్యిలోకి వెళ్ళిందో! రెండు సగాలూ ఉంటే చరిత్ర, విడిపోతే ఒక వైపు చవక స్టాంపు, ఒక వైపు చిత్తుకాగితం. పిల్లల మీద నాకు కోపం లేదు. స్టాంపులు పోగెయ్యమని ఉత్సాహపరిచి, కవరు జోలికి పోవద్దని చెప్పని పెద్దల మీద ఉంది.

ఇల్లు అమ్మినప్పుడు మమ్మల్ని తూకానికి వేశారు. పాత పేపర్లవాడి గోనెసంచిలోంచి పాత పుస్తకాలవాడి చేతికి చేరాను. మధ్యలో ఎక్కడో నాలోపలి కాగితం జారిపోయింది. మినుముల కబురు ఇప్పుడు నా జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేదు. అమ్మేవాడొకడు చిరిగిన నా మూతకు సెల్లోటేపు అంటించాడు. సాయం చేశాననుకున్నాడు పాపం. ఆ జిగురు ఎండి, పసుపై, గోధుమరంగై కాగితంలోకి ఇంకింది. ఇంకొకడు బాల్‌పెన్నుతో నా మూల మీద ధర రాశాడు. చెదలు నన్ను వదిలేశాయి గానీ మనుషులు వదల్లేదు.

హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాల బజారులో, పాత పోస్టుకార్డుల కట్టలో నేనున్నాను. తపాలా శాఖలో రిటైరైన ఒక పెద్దమనిషి కట్ట విప్పి ఒక్కొక్కటీ తిప్పుతూ నా దగ్గర ఆగిపోయాడు. మాట్లాడలేదు. నన్ను తిరగేసి వీపు మీది కాకినాడ ముద్ర చూశాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. ఆయన చూసిన తీరు చెప్తాను, ఎందుకంటే ఈ ముద్రకు నకిలీలు చేసి అమ్మేవాళ్ళున్నారు. సిరా స్టాంపు అంచు దాటి కవరు మీదికి తెగకుండా సాగిందా? ఉత్తరం చేరిన తేదీ రైలు ప్రయాణానికి సరిపోతుందా? చిరునామా రాసిన సిరా ఆ కాలందేనా? వీపు మీద ఎవరూ చూడని ఆ ముద్ర అప్పుడు నా తరఫున సాక్ష్యం చెప్పింది. ఆయన మొత్తం కట్టకు బేరం కుదుర్చుకుని నన్ను పుస్తకం మధ్య పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

అక్కడ మొదటిసారి నాకు నా జాతివాళ్ళు కనబడ్డారు. ఆయన నన్ను పట్టకారుతో ఎత్తి, జిగురు లేకుండా నాలుగు మూలలకు కాగితపు చెవులు తగిలించి ఆల్బం పేజీలో కూర్చోబెట్టాడు. పక్క పేజీలో ఉన్నది 1870లో పారిస్‌ను జర్మన్ సేనలు ముట్టడించినప్పుడు బెలూనులో బయటపడ్డ పల్చటి ఉత్తరం. గాలి ఎటు తోస్తే అటు, శత్రువు తుపాకుల మీదుగా వెళ్ళింది. దాని ముందు నా ఆరు మైళ్ళ గొప్ప చెప్పుకోలేకపోయాను. ఇంకో పక్కన నాకంటే చిన్నది, మా ప్రాంతానికి దగ్గరది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకు చిన్న పుస్ మాత్ విమానంలో స్వయంగా తెచ్చిన టపాలోది. అక్కణ్ణించి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. అది బళ్ళారిలో దిగిన కవరు, చిరునామా కింద తెలుగులో ఒక ముక్క రాసి ఉంది. మా ఇద్దరికీ త్వరగా స్నేహం కుదిరింది.

విమానం స్టాంపులనగానే లోకం అమెరికా వాళ్ళ తలకిందుల విమానాన్నే తలుచుకుంటుంది. 1918లో 24 సెంట్ల స్టాంపు మీద విమానం బొమ్మ తిరగబడి పడింది. నూరు స్టాంపుల షీటు ఒక్కటే బయటికొచ్చింది, కొన్నవాడు దాన్ని ఉత్తరాలకు అంటించకుండా అమ్ముకున్నాడు. అది అరుదైనదే, కాదనను. కానీ అచ్చు తప్పుకు దొరికిన ఘనత అది. నాకు దొరికినది ప్రయాణం చేసినందుకు. ఆరణాలు కట్టి నన్ను ఆకాశానికి అప్పగించిన మనిషి నమ్మకం నా ఒంటి మీద ఉంది. పోగుచేసేవాళ్ళు దేన్ని ముందు వెతకాలంటే నేను నా వైపే చెప్తాను.

మొన్న ఒక వ్యాపారి ఆ ఇంటికొచ్చాడు. నన్ను వెలుతురుకు పెట్టి రంధ్రంలోంచి చూశాడు. "సార్, ఇదొక్కటే లోపం. పాత కాగితం గుజ్జుతో పూడ్చే మనిషి నాకు తెలుసు. తుప్పు మరక కూడా తీసేస్తాడు. ఎవరూ కనిపెట్టలేరు. ధర బాగా పెరుగుతుంది," అన్నాడు.

నాకు గుండె జారింది. ఆ తీగే లేకపోతే నేను ఏ చలికాలపు పొద్దునో పొయ్యి రాజెయ్యడానికి వెళ్ళిపోయేదాన్ని. కడుపులో పొడిచిన ఊచే నన్ను అన్నాళ్ళు ఒకచోట పట్టి ఉంచింది.

"వద్దండి," అన్నాడు పెద్దమనిషి. వ్యాపారి ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆల్బం తన వైపు లాక్కున్నాడు. అతను వెళ్ళాక పెన్సిలు చెక్కి, నా పేజీ అడుగున ఇలా రాశాడు: కాకినాడ చిరునామా, చేరిన ముద్ర వెనక ఉంది. లోపలి ఉత్తరం లేదు. మూతకు సెల్లోటేపు మరక. నడుమ ఉత్తరాల తీగ రంధ్రం, తుప్పుతో సహా. మరమ్మతు చెయ్యలేదు, చెయ్యకూడదు.