కోనసీమ కొబ్బరికాయ ఆత్మకథ

కోనసీమ కొబ్బరికాయ తన కథ చెప్పుకుంటే దింపుతోనే మొదలుపెడుతుంది. ఏడాదికి ముదిరిన కాయ చెట్టు దిగి అంబాజీపేట మార్కెట్‌కు చేరుతుంది. కొన్ని కాయలు చిప్పలోనే ఎండి కురిడీగా నిలుస్తాయి, కొన్ని పగిలి, ఎండి, నూనె మిల్లుకు వెళ్తాయి. బాగా ఎండిన కొబ్బరిలో 60 శాతానికి పైగా నూనే. అందులోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లం. పన్నెండు కర్బన పరమాణువుల ఈ గొలుసు వల్లే కాయకు షాంపూల్లో చోటు దక్కింది.

గొలుసు జిడ్డును పట్టుకుంటుంది గానీ నీళ్లలో కలవదు. కలవాలంటే దాని కొసకు నీటితో పొసిగే భాగం ఒకటి అతకాలి. కాయ జాతకం మారేది అక్కడే. నూనె నుంచి తీసిన కొవ్వు ఆల్కహాలుకు సల్ఫేటు చేరిస్తే సోడియం లారిల్ సల్ఫేట్ అవుతుంది. నురుగు ధారాళం, ఖర్చు తక్కువ, కానీ చర్మపు ప్రోటీన్లకు అంటుకుని దాన్ని పొడిబార్చి, మంట పెడుతుంది. అదే ఆల్కహాలుకు గ్లూకోజు చేరిస్తే సౌమ్యమైన కోకో గ్లూకోసైడ్. అందుకే సీసా మీద ‘కొబ్బరి నుంచి తీసినది’ అన్న మాట చూసి సౌమ్యతను నమ్మకూడదు.

ఆల్కహాలుకు గ్లూకోజును కలిపే పద్ధతిని ఎమిల్ ఫిషర్ 1893లో వివరించాడు. ఆమ్ల ఉత్ప్రేరకం వేసి, గ్లూకోజును అవసరానికి మించిన ఆల్కహాలుతో 100 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచుతారు. చర్యలో పుట్టే నీటిని వాక్యూమ్‌తో ఎప్పటికప్పుడు లాగేయాలి, లేకపోతే చర్య ముందుకు సాగదు. తర్వాత ఆమ్లాన్ని క్షారంతో అణచి, మిగిలిన ఆల్కహాలును స్వేదనం చేసి తీసేస్తారు. ఇథిలీన్ ఆక్సైడ్ వాడరు కాబట్టి, దానితో తయారయ్యే లారెత్ సల్ఫేట్‌లో కనిపించే 1,4-డయాక్సేన్ మలినం ఇందులో పుట్టదు. ఇది నిజంగా పెద్ద మేలు.

కాయకు ఈ దారిలో పాత చుట్టం కుంకుడుకాయ. దాని సాపోనిన్‌లోనూ జిడ్డుతో కలిసే భాగానికి చక్కెరలే అతికి ఉంటాయి. అయినా కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో గోదావరి జిల్లాల పిల్లలందరికీ తెలుసు. చక్కెర ఉన్నంత మాత్రాన హాని లేదని కాదు.

కోకో గ్లూకోసైడ్ చిక్కటి ద్రావణం బాగా క్షారగుణంతో ఉంటుంది, కంటికి ప్రమాదం. షాంపూలో తగిన మోతాదుకు పలుచన చేసి, సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 5.5 దరిదాపులకు దించుతారు. కొద్దిమందికి ఇదీ సరిపడదు: అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2017లో, కోకో గ్లూకోసైడ్ కూడా చేరిన ఆల్కైల్ గ్లూకోసైడ్లనే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. వాడాక దురద, దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యుడి దగ్గర ప్యాచ్ పరీక్ష చేయించుకోవాలి.