నంది పొట్టలో ఏముంది?

అమావాస్య దగ్గర పడుతుంటే పల్నాట్లో దొంగలకంటే ఎక్కువ హడలిపోవాల్సింది నంది. ఊరి చివర పాడుబడ్డ గుళ్లో, మేకలు ఒళ్లు రుద్దుకునే ఆ రాతి ఎద్దు పొట్టలో వజ్రాలున్నాయని ఎవరో అంటారు. ఎవరన్నారయ్యా అంటే పేరు చెప్పరు, "పెద్దోళ్లు అనుకునేవాళ్లండీ" అంటారు. పెద్దోళ్లు చాలా అన్నారు. అప్పు చేసి పందెం కాయొద్దన్నారు, పక్కోడి గట్టు జరపొద్దన్నారు. అవేవీ చెవికెక్కలేదు గానీ నంది పొట్ట సంగతి మాత్రం తరతరాలుగా కంఠతా వస్తోంది.

తెల్లారి చూస్తే నంది రెండు ముక్కలై ఉంటుంది. లోపలేముంది? రాయి. పైనున్న రాయే లోపల కూడా ఉంది. ఒకే బండను తొలిచి చెక్కిన ఎద్దు పొట్టలోకి వజ్రాలు ఏ దారిన వెళ్లాయో, శిల్పి ఏ మూత తీసి పోశాడో అడిగేవాడు ఆ ముఠాలో ఒక్కడూ ఉండడు. మాచర్ల వైపు వెళ్లేటప్పుడు దుర్గిలో బండి ఆపితే ఇప్పటికీ ఉలి పట్టుకుని కూర్చున్న శిల్పులు కనిపిస్తారు. రాతి లోపల సంగతి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, పైగా అడిగితే ఉచితంగా చెబుతారు. అదే వచ్చిన చిక్కు. ఉచితంగా చెప్పినదాన్ని నమ్మేదెట్లా?

నమ్మాలంటే గురువుగారు కావాలి. అడ్వాన్సు కావాలి. పూజ సామాను జాబితా కావాలి, అందులో మూరెడు ఎర్రగుడ్డ, నిమ్మకాయలు, నాటుకోడి, సీసాడు సారా ఉండాలి. సారా అమ్మవారికట, అమ్మవారు ముట్టనిది గురువుగారికట. ఆ తర్వాత అంజనం. అంజనం అందరికీ కనపడదు, పుట్టేటప్పుడు కాళ్లు ముందు వచ్చిన పాయాళు కంటికి పెడితేనే భూమిలోని బిందెలు కనపడతాయి. పాయాళు దొరక్కపోతే మెటల్ డిటెక్టరు. శాస్త్రాన్నీ సంప్రదాయాన్నీ ఇంత సామరస్యంగా నడిపిస్తున్న రంగం రాష్ట్రంలో ఇంకోటి లేదు.

అర్ధరాత్రి ఆ డిటెక్టరు కుయ్యిమంటుంది. గునపాలు లేస్తాయి. మోకాలి లోతు తవ్వితే ఎద్దు గిట్టకు కొట్టిన నాడా ముక్క బయటపడుతుంది. "ఇదే ఆనవాలు నాయనా, కాపలా భూతం ఇనుముగా మార్చి చూపిస్తోంది" అంటారు గురువుగారు. ఇంకో మూరెడు తవ్వితే సోడా సీసా మూత. భూతం కాస్త ఆధునికమైనదన్నమాట. నడుముల్లోతు దిగాక రాతి పొర తగులుతుంది, తెల్లారగట్ల కోడి కూస్తుంది (పూజకు తెచ్చిన కోడి కాదు, దాని పని అప్పటికే అయిపోయి ఉంటుంది), ఎవడో పొలానికి నీళ్లు కట్టడానికి టార్చిలైటు వేసుకుంటూ వస్తాడు. అంతే, కారు డోర్లు పడతాయి. నిధి దొరకనందుకు కారణం నిధి లేకపోవడం కాదు, ముహూర్తం తప్పడం. మళ్లీ అమావాస్యకు మళ్లీ అడ్వాన్సు.

సరే, ఆ నిధి ఎవరిదయ్యా అంటే బ్రహ్మనాయుడిదంటారు, కాదు నాగమ్మదంటారు. పల్నాటి వీరచరిత్ర పుట్టకముందే విన్నవాళ్లం కదా, ఒకసారి లెక్క చూద్దాం. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు రాజ్యం విడిచి అడవులు పట్టారు. గడువు తీరాక రాజ్యం ఇవ్వనంటే కారెంపూడిలో కొట్టుకుని రెండు పక్షాలూ నేలకొరిగాయి. అందర్నీ పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. ఇందులో మిగులు బడ్జెట్ ఎక్కడుంది? వీరుల గుడిలో మనం పూజించేది కత్తుల్ని, బొక్కసం తాళంచెవుల్ని కాదు.

ఈ తెలివి మన సొత్తేనని మరీ పొంగిపోనక్కర్లేదు. మన గురువుగారికి పెద్దన్నలు పైదేశాల్లో ఉన్నారు. 1909లో మాంటేగ్ పార్కర్ అనే ఇంగ్లీషు దొర జెరూసలేం బయల్దేరాడు. యూదుల పది ఆజ్ఞల పలకలు దాచిన మందసం అక్కడ భూమిలో ఉందని వాల్టర్ యువేలియస్ అనే ఫిన్లాండ్ పండితుడు బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథంలో రహస్య సంకేతం చదివి చెప్పాడు. మన దగ్గర నిధి జాడ చెప్పే రాగి రేకు, అక్కడ యెహెజ్కేలు. డబ్బున్న వాళ్లు పెట్టుబడి పెట్టారు. రెండేళ్లు సొరంగాలు తవ్వినా ఏమీ దొరక్క, చివరికి 1911 ఏప్రిల్లో కాపలావాళ్లకు లంచమిచ్చి, మారువేషాలేసుకుని, ముస్లింలకు పరమ పవిత్రమైన ఆవరణలోకే రాత్రిపూట గునపాలతో దిగారు. ఎవడో చూశాడు. తెల్లారేసరికి ఊరంతా భగ్గుమంది. దొరలు జాఫా రేవుకు పరిగెత్తి ఓడెక్కి పారిపోయారు. మనవాళ్లు స్కార్పియో ఎక్కుతారు, వాళ్లు సొంత ఓడ ఎక్కారు, తేడా అంతే. అంతకు పదేళ్ల ముందే, అదే మందసం ఐర్లండ్‌లో ఉందని ఇంకో బృందం అక్కడి పాత రాజుల తారా గుట్టను కుళ్లబొడిచింది. తర్వాత రాన్ వయాట్ అనే అమెరికా ఆయన దేశాలు పట్టుకు తిరిగి నోవహు ఓడనూ, ఎర్రసముద్రంలో ఫరో రథచక్రాలనూ, 1982లో ఏకంగా మందసాన్నీ కనిపెట్టేశాడు. ఆ మందసాన్ని ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు. కాళ్లు ముందు పుట్టాడేమో ఎవరైనా విచారించాల్సింది.

సర్కారు వారు మాత్రం తక్కువ తిన్నారా? 2013లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో ఒక సాధువుగారి కలలోకి వెయ్యి టన్నుల బంగారం వచ్చింది. కల ఆయనది, గునపం పురావస్తు శాఖది. కుండ పెంకులు, గాజుముక్కలు దొరికాయి. కల మనకు రాలేదే అని మనం చిన్నబుచ్చుకున్నామేమో, 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో అధికారుల సమక్షంలోనే తవ్వించారు. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. పట్టపగలు అనుమతితో తవ్వితే అన్వేషణ, రాత్రి తవ్వితే కేసు. దొరికేది రెండింట్లోనూ ఒకటే.

ఇక అసలు నిధి సంగతి. ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతిలో, 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కట్టిస్తుండగా దీపాలదిన్నె అనే పాత బౌద్ధ స్తూపాన్ని తవ్వారు. ఇళ్లకు రాళ్ల కోసమని ఒక మాట, లోపల ధనం ఉంటుందన్న ఆశతోనని ఇంకో మాట. చెక్కిన పలకలు చెరువు మెట్లయ్యాయి, గోడల్లోకెక్కాయి, సున్నపు బట్టీల్లో కాలాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర ఒకసారి చూసి వెళ్లి, 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ నీటిగుంట ఉంది. మిగిలిన వాటిలో కొన్ని 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి మద్రాసు పంపిస్తే అక్కణ్నుంచి లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇవాళ వాటికి తేమ తగలకుండా అద్దాల గది కట్టారు. ఆ పలకలు పల్నాటి సున్నపురాయి. బంగారం కోసం మనం పక్కకు విసిరేసింది అదే.

నాగార్జునకొండ ముచ్చట ఇంకా చిత్రం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ లోయలో పాత స్తంభాలు చూసి ప్రభుత్వానికి కబురు పెట్టారు. అంజనం లేదు, కోడి లేదు. ఆ కబురుతో ఇక్ష్వాకుల రాజధాని బయటపడింది. పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో మహాచైత్యంలో, బండిచక్రం ఆకుల్లా కట్టిన గదుల్లో ఒకదాంట్లో, ముప్పావు అంగుళం బంగారు భరిణె దొరికింది. వెండి భరిణెలో బంగారు భరిణె, అందులో పిసరంత ఎముక, పక్కన కొన్ని బంగారు పూలు, ముత్యాలు. బుద్ధుడి ధాతువని నమ్మిన ఆ ఎముకను సారనాథ్‌కు ఇచ్చారు. పదహారు వందల ఏళ్లకు పైగా భూమిలో ఉన్న, నిజంగా దొరికిన, సాక్షాత్తూ పల్నాటి నిధి అది. తూకం వేస్తే గురువుగారి ఒక పూజకయ్యే ఖర్చు కూడా రాదేమో.

దేశాలు తిరిగిన ఘనత కూడా వేటగాళ్లది కాదు, రాళ్లదే. పక్క జిల్లా ప్రకాశంలోని చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగిలించిన ఒక సున్నపురాతి పలక న్యూయార్క్ వ్యాపారి చేతికి చేరి, 2005లో 5,95,000 డాలర్లకు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి అమ్ముడుపోయి, దొంగసొత్తని తేలాక 2016లో ఇంటికి తిరిగొచ్చింది. ఆ దొంగలకు గురువుగారు లేరు, అందుకే రాతిని పగలగొట్టలేదు. దొంగతనంలో కూడా చదువు అక్కరకొస్తుందని చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

భూమిలో దొరికినదాని గురించి 1878 నాటి చట్టం ఒకటుంది. పది రూపాయల విలువ దాటిందేదైనా దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. అంటే మనకు నరసరావుపేట దాకా వెళ్తే చాలు. పాత హక్కుదారు ఎవరూ లేరని తేలితే దొరికించుకున్నవాడికి ముప్పావు వంతు, నేల యజమానికి పావు వంతు. ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే లోహం విలువ కట్టి, దాని మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. చట్టమంతా తిరగేసినా గురువుగారి వాటా ఎక్కడా లేదు. శిష్యులకు ఆయన ఈ సంగతి ఎందుకు చెప్పడో ఊహించడానికి అంజనం అక్కర్లేదు.