ఐదు టన్నుల మాయదాణా

పశుదాణా మిల్లులో ఒక బ్యాచ్ అంటే ఒక టన్ను. మిక్సర్ తిరగడం మొదలైతే తెరమీద అంకె ఒకటి పెరగాలి. పెరుగుతోంది కూడా. కాకపోతే మిక్సర్‌తో నిమిత్తం లేకుండా పెరుగుతోంది. రాత్రి షిఫ్టు రిజిస్టర్‌లో 18, తెరమీద 23. తక్కిన ఐదు టన్నులూ ఏవని మేనేజరుగారు స్టోర్ కీపర్‌ని నిలదీశారు. తవుడు, చెక్క, మొలాసిస్ అన్నీ పద్దెనిమిదికే ఖర్చయ్యాయని ఆయన బస్తాలు లెక్కపెట్టి మరీ చూపించాడు. సరుకు పోతే దొంగతనం. సరుకే లేకుండా దాణా తయారైతే దాన్నేమంటారో సెక్యూరిటీవాళ్లకు అంతుపట్టలేదు. అప్పుడు నాకు ఫోనొచ్చింది.

అక్కడున్నది ఇగ్నిషన్ అనే స్కాడా సాఫ్ట్‌వేర్. అంకె పెంచేది గేట్‌వేలోని ట్యాగ్ చేంజ్ స్క్రిప్ట్. మిక్సర్ ట్యాగ్ మారిందని కబురు రాగానే, విలువ 1, క్వాలిటీ గుడ్ అయితే కౌంటర్‌కి ఒకటి కలుపు. అంతే, నాలుగు లైన్లు. రాసినాయన ఉద్యోగం మానేసి కెనడా వెళ్లిపోయాడు. మా రంగంలో స్క్రిప్ట్ చెడిందంటే రాసినవాడు కెనడాలో ఉన్నాడనే లెక్క.

మా ట్రైనీ కుర్రాడు ఉత్సాహంగా ఒక ప్రింట్ లైను పెట్టి, డిజైనర్‌లో అవుట్‌పుట్ కన్సోల్ తెరుచుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు.

"సార్, అసలు స్క్రిప్టే నడవట్లేదు."

"నడవకుండానే అంకె పెరుగుతోందా నాయనా?"

గేట్‌వే స్క్రిప్ట్ ప్రింట్ చేసిందంతా గేట్‌వే సర్వర్‌లో రాపర్ లాగ్ ఫైల్లోకి పోతుంది. ల్యాప్‌టాప్‌లో తెరిచిన డిజైనర్‌కి ఆ ఊసే తెలీదు. ప్రింట్ తీసేసి లాగర్ పెట్టమన్నాను. పెట్టి సేవ్ చేశాడు. తెరమీద అంకె ఒకటి పెరిగింది. లాగ్‌లో పాత విలువ కూడా పడాలని ఇంకో ముక్క చేర్చి సేవ్ చేశాడు. ఇంకోటి పెరిగింది. మాయదాణాని పట్టుకుందామని వచ్చి మేమే దాని ఉత్పత్తి పెంచేశాం.

స్క్రిప్ట్ మార్చి సేవ్ చేస్తే గేట్‌వే దాన్ని కొత్తగా మొదలుపెడుతుంది. మొదలవగానే ట్యాగ్‌లో ఉన్న విలువను తొలిసారి చూసి, అదీ ఒక మార్పేనని కబురు పంపుతుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచిన తాతగారు, పొద్దుట్నుంచీ అరుగుమీదే ఉన్న అల్లుణ్ణి చూసి "ఎప్పుడొచ్చావయ్యా?" అన్నట్టు. పాపం, సాఫ్ట్‌వేర్ చెప్పకపోలేదు. ఆ కబురుతోపాటు ఇనీషియల్ చేంజ్ అని ఒక గుర్తు కూడా పంపుతుంది. ఆ నాలుగు లైన్లలో దాన్ని పలకరించిన పాపాన పోలేదు.

సరే, రాత్రిపూట సేవ్ చేసేవాడెవడు? లాగ్ చూస్తే, అర్ధరాత్రి దాటాక ట్యాగ్ క్వాలిటీ బ్యాడ్, కాసేపటికి గుడ్, మళ్లీ బ్యాడ్. ఏయే మార్పులకు స్క్రిప్ట్ లేవాలో చెప్పడానికి వాల్యూ, క్వాలిటీ, టైమ్‌స్టాంప్ అని మూడు టిక్కులుంటాయి. కెనడా ఆయన క్వాలిటీకీ టిక్కు కొట్టి వెళ్లాడు.

ఆ రాత్రి కంట్రోల్ రూములో కూర్చున్నాను. రెండింటికి హెల్పర్ వచ్చి, ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్గు పీకి, సెల్ చార్జర్ గుచ్చాడు. మిక్సర్ ఆగదు, దాన్ని నడిపే పిఎల్‌సి తన పని తాను చేసుకుపోతుంది. తెర ఎర్రబడిందని ఆపరేటర్ అరిస్తే ప్లగ్గు మళ్లీ పెట్టేశాడు. ట్యాగ్ గుడ్, విలువ 1, ఒక టన్ను దాణా తయార్. కాసేపటికి ఇంకొకడు వచ్చాడు. షిఫ్టులో ఫోన్లు ఐదు.

క్వాలిటీ టిక్కు తీసేసి, ఇనీషియల్ చేంజ్ అయితే నోరు మూసుకోమని ఒక లైను చేర్చాను. నన్నడిగితే ఈ లెక్క పిఎల్‌సిలోనే ఉండాలి. కానీ పిఎల్‌సి పాస్‌వర్డ్ కూడా కెనడాలోనే ఉంది.

రిజిస్టరూ తెరా కలిశాయి. కంట్రోల్ రూముకు ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు కావాలని ఇండెంట్ కూడా పెట్టించాను. అది తిరిగొచ్చింది. "సమస్య సాఫ్ట్‌వేర్‌లోనే తీరిపోయిందిగా, ఇంక బోర్డెందుకు?" అని ఎర్ర ఇంకుతో రాసుంది.