లెక్క తెలియనిది రైతుకేనట

వానబీమాకు గిరాకీ ఎంతో ముందే తేల్చేసే ఆర్థికవేత్తల సూత్రాల్లో ఒక రైతు ఉంటాడు. నష్టమంటే హడలిపోతాడు. ఎంత హడలితే అంత బీమా కొంటాడు. ఈ మహానుభావుడు ఏ ఊరి రచ్చబండ మీదా ఇంతవరకు కనబడలేదు.

2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వానబీమా అమ్మాయి. పొలంలోకి ఎవరూ తొంగిచూడనక్కర్లేదు. రెయిన్ గేజ్‌లో వాన పాలసీలో రాసిన కొలతకన్నా తగ్గితే డబ్బొస్తుంది. జినె, టౌన్సెండ్, వికరీ అనే పరిశోధకులు అక్కడి ఊళ్లలో సర్వే చేస్తే సూత్రం తలకిందులైంది: నష్టానికి ఎక్కువ జంకేవాళ్లే తక్కువ కొన్నారు!

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు రైతు అవగాహన మీదికి పోయింది. నిజమే, కొననివాళ్లు చెప్పిన కారణాల్లో ‘మాకు అర్థం కాలేదు’ అన్నదీ ఉంది. కానీ ఊరికొచ్చిన పెద్దమనిషిని నొప్పించకుండా వద్దనడానికి ఇంతకన్నా మర్యాదైన మాట ఏముంది?

ఆఫ్రికాలోని మలావీలో కథ ఇంకా ముదిరింది. అక్కడ విత్తనాల అప్పు మామూలుగా ఇస్తామంటే 33 శాతం మంది రైతులు తీసుకున్నారు. అదే అప్పు, వానబీమా ప్రీమియం కలిపి ఇస్తామంటే 17.6 శాతమే. రక్షణ తోడయ్యేసరికి దాదాపు సగం మంది జారుకున్నారు.

పాలమూరు, అనంతపురం పల్లెల్లో తర్వాత జరిగిన ప్రయోగంలో, సర్వేకు వచ్చినందుకు వంద రూపాయలు అందుకున్నవాళ్లు, పాతిక అందుకున్నవాళ్లకన్నా ఎక్కువగా పాలసీలు కొన్నారు. బేసిక్స్‌ను ఎరిగిన ఊళ్లలో ఆ సంస్థ మనిషి వెంట వచ్చి చెబితే అమ్మకం పెరిగింది. చేతిలో పైసలు, తెలిసిన మొహం. ఇంతోటిది కనుక్కోవడానికి ప్రయోగం కావాలా అని పాలమూరులో ఎవరైనా అడిగితే తప్పుపట్టలేం. అప్పుడు కూడా కొన్నవాళ్లలో చాలామంది ఒక్క పాలసీతోనే సరిపెట్టారు.

రెయిన్ గేజ్ దగ్గర వాన కురిసి, చేను మాత్రం ఎండితే? పంటా పోయె, ప్రీమియమూ పోయె. బీమా కట్టని పక్కచేను రైతుకు పోయింది పంట ఒక్కటే. కాబట్టి మరీ భయపడేవాడు ఇలాంటి బీమా జోలికి పోకపోవడమే తెలివని డేనియల్ క్లార్క్ అనే ఆర్థికవేత్త గణితమంతా పరిచి 2016లో పత్రికకెక్కించారు. అప్పటికి పాలమూరు రైతు అదే లెక్కను పదమూడు ఖరీఫ్‌లుగా వేళ్లమీదే వేస్తున్నాడు.