పదమూడో నంబరు పొమ్మంటే

యూనిక్స్‌లో ఫైలు తెరుచుకోనప్పుడు కెర్నెల్ చెప్పేది ఒక్క అంకె. 2 అంటే అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదని. 13 అంటే అనుమతి లేదని. 1 అంటే అది నువ్వు చేయదగ్గ పని కాదని. ఆ అంకెను ఇంగ్లిషు ముక్కగా మార్చి తెరమీద పడేయడం ప్రోగ్రాముల వంతు. 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదలుపెట్టిన కాలంలో టెలిటైపు సెకనుకు పది అక్షరాలు కొట్టేది. అంత నిదానపు యంత్రం ముందు ఓదార్పు మాటలకు ఓపికెవరికి? కొత్త ఫైలు సృష్టించే పిలుపు పేరులో చివరి 'ఈ' అక్షరం కూడా రాయకుండా మిగుల్చుకున్నారు. మళ్లీ చేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' చేరుస్తానని థాంప్సన్ చెప్పిన జవాబు ప్రసిద్ధం.

రాయ్‌పూర్‌ గుఢియారీ టోకు బజారులో ఒక పప్పుల కొట్టు లెక్కలు లినక్స్ మీద నడుస్తున్నాయనుకుందాం. సేఠ్‌జీది హిందీ, గుమాస్తాది తెలుగు, యంత్రానిది 13. ఖాతా ఫైలును ఎవరైనా చదవవచ్చని హక్కుల్లో స్పష్టంగా ఉంది. అయినా తెరుచుకోదు. గుమాస్తా ఆ ఫైలు హక్కులనే తిప్పితిప్పి చూస్తాడు, అక్కడ తప్పు ఉంటే కదా దొరకడానికి! గోదాముకు తాళం లేదు, సందు మొదట్లో గేటు మూసుంది. ఫైలును చేరాలంటే మూల డైరెక్టరీ నుంచి దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీకీ 'ఎక్స్', అంటే లోపలికి వెళ్లే హక్కు ఉండాలి. నేమీ అనే కమాండుకు 'ఎల్' తగిలించి ఫైలు దారి ఇస్తే, ఒక్కో మెట్టు ఎవరిదో, దాని హక్కులేమిటో వరసగా చూపిస్తుంది. ఇది తెలియక ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని టీలు చల్లారాయో!

డైరెక్టరీ హక్కుల్లో తిరకాసులు చాలానే ఉన్నాయి. చదివే హక్కు 'ఆర్' ఉండి 'ఎక్స్' లేకపోతే పేర్లు కనిపిస్తాయి, మిగతా వివరాలన్నీ ప్రశ్నార్థకాలే. 'ఎక్స్' ఉండి 'ఆర్' లేకపోతే జాబితా రాదు గానీ, పేరు తెలిసినవాడు దర్జాగా లోపలికి పోవచ్చు. ఫైలు చెరపడానికి ఫైలు మీద హక్కు అక్కర్లేదు, డైరెక్టరీలో రాసే హక్కు, 'ఎక్స్' ఉంటే చాలు. అంటే ఒక్క అక్షరం దిద్దే అధికారం లేనివాడు ఫైలు మొత్తాన్ని మాయం చేయగలడు. అందరూ వాడుకునే తాత్కాలిక డైరెక్టరీలో ఈ ఘోరం జరగకుండా స్టికీ బిట్ పెడతారు. హక్కులు చూసేటప్పుడు కెర్నెల్ యజమానితో మొదలుపెట్టి, వచ్చినవాడు అతనే అయితే అక్కడే తేల్చేస్తుంది. యజమానికి సున్నా, ఇతరులకు 'ఆర్' అని ఉంటే దారినపోయే దానయ్య చదువుకుంటాడు, ఫైలు సొంతదారు బయట నిలబడతాడు. గుమాస్తాను కొత్తగా గుంపులో చేర్చినా, అతను ఒకసారి బయటికెళ్లి మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆ సంగతి యంత్రానికి పట్టదు.

13కు కోపం వస్తుంది, 2కు మతిపోతుంది. కంటికెదురుగా ఉన్న ఫైలును లేదంటుంది. ఇంగ్లిషు పేర్లయితే పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వెతకాలి. తెలుగుకు ఆ బాధ లేదు, అంతకు మించినవి ఉన్నాయి. 'ఏప్రిల్' చివర పొల్లు తర్వాత కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే సంకేతం ఒక పేరులో ఉండి, ఇంకో పేరులో లేకపోతే, చూపుకు ఒకటే అయినా యూనిక్స్‌కు అవి వేర్వేరు ఫైళ్లు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. పేరును 'ఓడీ' కమాండుకు పంపి బైట్లు చూస్తేనే గుట్టు తెలుస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు, లినక్స్‌లో ఫైలు పేరుకు మామూలుగా 255 బైట్లు. కాబట్టి ఒత్తులూ గుణింతాలూ కలిపి 85 సంకేతాలు దాటితే 36వ నంబరు తప్పు: పేరు మరీ పొడుగు. సమాసప్రియులు గమనించాలి. విండోస్‌లో రాసి తెచ్చిన స్క్రిప్టు మొదటి వరుస చివర కనపడని సీఆర్ అక్షరం మిగిలినా 2 వస్తుంది. అప్పుడు లేదన్నది స్క్రిప్టును కాదు, దాన్ని నడపాల్సిన ప్రోగ్రామును.

28 అంటే చోటు లేదని. డీఎఫ్ కమాండు డిస్కు సగం ఖాళీ అని చూపిస్తున్నా ఈ మాటే వస్తుంటే, దానికి 'ఐ' తగిలించి ఐనోడ్లు అయిపోయాయేమో చూడాలి.

రూట్ వాడుకరికి 13 దాదాపు ఎదురుకాదు. అయినా ఫైలుకు మార్పు నిషేధపు ముద్ర ఉంటే చెరపబోయిన రూట్‌కూ 1 తప్పదు. చదవడానికే మౌంట్ చేసిన డిస్కు 30 అంటుంది. ఎన్ఎఫ్ఎస్ సర్వరయితే పక్క యంత్రం నుంచి వచ్చిన మహారాజును మామూలుగా అనామకుడిగానే లెక్కిస్తుంది.

ఇదంతా చూసే ఓపిక లేనివాళ్లు మూల డైరెక్టరీ నుంచి అన్నిటికీ 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, కొట్టేస్తారు. ఆ దెబ్బకు సుడో ప్రోగ్రాము సెట్‌యూఐడీ బిట్ పోయి పనిచేయడం మానేస్తుంది, అందరికీ తెరిచున్న రహస్య తాళంచెవిని ఎస్ఎస్‌హెచ్ ముట్టుకోనంటుంది. ఆ తర్వాత మిగిలే మందు యంత్రాన్ని మళ్లీ మొదటినుంచి స్థాపించుకోవడమే.