జూన్ 1 నుంచి 14 వరకు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యక్షుల వారి దివ్యసముఖానికి, న్యూఢిల్లీ.

విషయం: సముద్రంతో సంప్రదించి సెమిస్టర్లు సర్దవలసిందిగా విన్నపం.

అయ్యా,

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో భావనపాడు ఉంది. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ కుర్రాడొకడు ఈ ఊరి మత్స్యకారుల వలసల మీద పీహెచ్‌డీ తలపెట్టాడనుకోండి. తమరి 2022 నిబంధనల ప్రకారం అతనికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. గడువుకేం లోటు లేదు. చిక్కల్లా మనుషులు దొరకడంలోనే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవలకు వేట నిషేధం. వలలు బాగుచేసుకుంటూ మగాళ్లు నీడపట్టున కూర్చునేది అప్పుడే, ప్రశ్నావళి పట్టుకెళ్లడానికి అదే అదను. కానీ ఈ జిల్లా వాళ్లు చాలామంది గుజరాత్‌లోని వీరావల్ బోట్ల మీద పనికి పోతారు. 2018లో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన జాలర్లు ఆ బాపతే. గుజరాత్‌లో నిషేధం మొదలయ్యేది జూన్ 1న. అంటే ఇక్కడి వేట, అక్కడి వేట రెండూ ఆగి ఉండేది ఏడాదికి 14 రోజులు. రైల్లో గడిచేవి అందులోంచే పోవాలి. 'వలస వెళ్లినవారు, వెళ్లనివారు: తులనాత్మక అధ్యయనం' అని రాసిచ్చిన పాపానికి ఆరేళ్లూ వాడుకున్నా అతనికి దక్కేది 84 రోజులే. ఈలోగా ప్రతి సెమిస్టర్‌కూ కమిటీ ముందు పురోగతి చూపించాలి. డిసెంబరులో ఏం చూపిస్తాడు? సగం శాంపిల్ అరేబియా సముద్రంలో ఉంటుంది.

దొరికినవాళ్లతోనైనా పని సులువు కాదు.

"మీ నెలసరి ఆదాయం?"

"ఏ నెల్ది బాబూ?"

నిషేధం నెలదా, చేప పడ్డ నెలదా, బోటు ఓనరు అడ్వాన్సు ఇచ్చిన నెలదా? ఫారంలో గడి ఒక్కటే. 'పూర్తిగా అంగీకరిస్తాను' మొదలు 'ఏమాత్రం అంగీకరించను' దాకా ఐదు మెట్లు చదివి వినిపిస్తే, "ఒప్పుకోపోతే పడవిస్తారేటి?" అంటాడు పెద్దాయన. దానికి కోడ్ నంబరు లేదు.

వలసలు వదిలేసి భావనపాడు పోర్టు మీద పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుంటే మరో తంటా. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన మూలపేటలో జరిగింది, పోర్టు కూడా మూలపేట పోర్టయింది. పోర్టు పేరు మారినంత తేలిగ్గా థీసిస్ పేరు మారుతుందా?

తమరు చేసిన మేలు మరవకూడదు. థీసిస్ ఇచ్చేముందు జర్నల్‌లో వ్యాసం అచ్చవ్వాలన్న 2016 నాటి షరతు ఎత్తేశారు. ఇక కాపీ తనిఖీలో పదిశాతం దాకా మినహాయింపు ఎలాగూ ఉంది. ఆ పదీ పూర్వ పరిశోధనల అధ్యాయానికే సరిపోతుంది. పెద్దాయన మాట ఏ డేటాబేస్‌లోనూ లేదు కదా.

చివరి మనవి. వైవాకు కమిటీ సభ్యులు, అధ్యాపకులు, పరిశోధకులు, విద్యార్థులు రావచ్చని రాశారు. జవాబులు చెప్పినవాళ్ల ఊసు లేదు. వైవా భావనపాడు ఒడ్డునే, తెలుగులో, జూన్ 14 లోపు పెట్టించండి. 15న తెల్లారేసరికి ప్రశ్నలడగాల్సిన వాళ్లలో సగంమంది వేటలో ఉంటారు.

చిత్తగించవలెను.