చిరిగిన నోటూ, విరిగిన మనిషీ

నోట్లకు కూడా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. జూలై 1, 2022 నాటి సర్క్యులర్‌లో రిజర్వ్ బ్యాంకు కొలతలన్నీ చెప్పేసింది. మురికి, మెత్తబడటం, మూలలు మడతపడటం, చిరుగులు, చిల్లులు, మరకలు, రాతలు, రంగు వెలవడం, అతుకులు... ఏ ఒక్కటి హద్దు దాటినా అన్‌ఫిట్. యంత్రం నోటుకు ఫొటో తీసి, మామూలు వెలుతురులో ఒకసారి, కంటికి ఆనని పరారుణ కాంతిలో ఒకసారి చూసి, తన దగ్గరున్న అసలు బొమ్మతో పోల్చి రెప్పపాటులో తీర్పు చెబుతుంది. ఆ యంత్రం చూపు సరిగ్గా ఉందో లేదో మూడు నెలలకోసారి పరీక్షించాలట!

ఇంత గొప్ప యంత్రాన్ని బ్యాంకుల్లో దాచుకోవడం ఏం న్యాయం? ముంబయిలో రిజర్వ్ బ్యాంకు ఉన్న మింట్ రోడ్డు నుంచి కామాటిపుర ఎంత దూరమని? టాక్సీలో వేసుకొచ్చి పొద్దున్నే కూలీలు పని కోసం నిలబడే నాకా మీద పెట్టండి. అరచేతులు తిప్పి చూసి మనుషుల్ని ఏరుకునే శ్రమ మేస్త్రీలకు తప్పుతుంది.

'ముందుకు రా అన్నా, సిగ్గుపడకు.' పాలమూరు అన్న యంత్రం బెల్టు మీద పడుకున్నాడు. ఒంటినిండా సిమెంటు: మురికి. అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకున్న ఇంటి ఫోన్ నంబరు: రాతలు. అన్‌ఫిట్, పక్కకు జరుగు. తర్వాత వర్లీలోని చాల్ అనే ఇరుకు ఇళ్ల వరుస నుంచి పద్మశాలి తాత. మిల్లులో మగ్గాలు నడిపి, 1982 సమ్మెతో రోడ్డున పడి, వాచ్‌మన్‌గా ముసలివాడైనవాడు. మెత్తబడ్డాడు, రంగు వెలిశాడు, దూది పీల్చిన ఊపిరితిత్తుల సంగతి పరారుణ కాంతికే తెలియాలి. ఇక నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ నగరానికి గోడలు లేపి, పేటకు తమ పేరే మిగిల్చిన కామాటీల మనవడు వస్తే యంత్రం కాస్త తటపటాయించి 'పాత సిరీస్' అంటుంది. చాల్‌నే బెల్టు మీదికి ఎక్కిద్దామా అంటే వద్దులెండి. కర్రలు పోటు పెట్టిన గోడలు, అతుకుల ఖాతాలో యంత్రమే ఆగిపోగలదు.

అయితే నోటుకూ మనిషికీ ఒక తేడా ఉంది. అన్‌ఫిట్ నోటును ఎవరూ రోడ్డు మీద పారేయరు. యాభై, ఆపై నోటు చిరిగి పెద్దముక్క 80 శాతానికి మించి ఉంటే పూర్తి డబ్బు, 40 నుంచి 80 దాకా ఉంటే సగం. బ్యాంకు కౌంటర్లోనే ఇస్తారు. పరంజా మీంచి జారి నడుము విరిగినవాడికి ఎంత శాతం మిగిలిందని ఎవరు కొలుస్తున్నారు? దారి ఖర్చులు చేతిలో పెట్టి ఊరి బస్సెక్కిస్తారు. అంతే పరిహారం.

సిగ్గుండాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా, దాని ప్రకారం ప్రతి వలస కూలీకీ కాంట్రాక్టరు ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. నోటుకు ఇన్ని ఫొటోలు తీసే దేశంలో మనిషికి ఒక్క పాస్‌పోర్ట్ సైజు ఫొటో బరువైందా? మహారాష్ట్ర, తెలంగాణ కార్మిక శాఖల అధికారులు ఒక్క ఉదయం నాకా మీదికి వచ్చి, మేస్త్రీలను ఆనాటి పాస్‌బుక్కులు చూపించమని అడగాలి.